బడి మానిపించాలా వద్దా? ముందు పగలు ఇంట్లో ఎవరుంటారో తేల్చుకోండి

మా వాడు మూడో తరగతి పూర్తిచేశాక బడి మానిపించాం. నాలుగు, ఐదు తరగతులు ఇంట్లోనే చదివాడు. ఆరులో మళ్లీ బడిలో వేశాం. వాడి చెల్లెలు మాత్రం ఒక్క ఏడాది కూడా ఇంట్లో ఉండలేదు. ఈ సంగతి తెలిసినవాళ్లలో కొందరు "మేమూ మానిపిద్దామనుకుంటున్నామండీ, ఎలా మొదలుపెట్టాలి?" అని అడుగుతారు. ఇంకొందరు "అంటే కుదర్లేదన్నమాట" అని నవ్వుతారు. కుదిరింది, కుదిరినంత కాలం. కాకపోతే నిర్ణయం తీసుకునేటప్పుడు మేం తల బద్దలుకొట్టుకున్న విషయాలు వేరు, దిగాక అసలు లెక్కకొచ్చిన విషయాలు వేరు. ఆ రెండో రకం గురించే ఇక్కడ రాస్తున్నాను.

కోపం ఏ బడి మీద?

మాది హైదరాబాద్‌లో నిజాంపేట. బడి బస్సు 6:50కి వీధి చివరికి వచ్చేది. మూడో తరగతి పిల్లాడికి వారానికో పరీక్ష, పరీక్ష అయిన సాయంత్రమే వాట్సాప్ గ్రూపులో అందరి మార్కుల పట్టిక. ఆదివారం సాయంత్రం అయ్యేసరికి మా వాడికి కడుపునొప్పి మొదలయ్యేది. స్కానింగ్ కూడా తీయించాం, ఏమీ లేదన్నారు. సోమవారం సెలవని తెలిసిన వారం మాత్రం ఆ నొప్పి ఉండేది కాదు. ఇది కనిపెట్టింది నేను కాదు, మా అత్తయ్య.

అప్పుడు మేం చేసిన పొరపాటు ఒకటుంది. ఇంటినీ ఆ ఒక్క బడినీ పక్కపక్కన పెట్టి చూశాం. ఆ పోటీలో ఇల్లే గెలుస్తుంది, గెలవకపోతే ఆశ్చర్యపోవాలి. నడిచి వెళ్లేంత దూరంలో ఇంకో చిన్న బడి ఉందా, అక్కడ మూడో తరగతిలో ఎంతమంది పిల్లలు, హోంవర్కు ఎంత, మధ్యాహ్నం ఆటల పీరియడ్ నిజంగా ఉందా, టైంటేబుల్లోనే ఉందా అని ఒక్క రోజు కూడా తిరిగి చూడలేదు. చూసి ఉంటే బహుశా మానిపించేవాళ్లం కాదు.

కాబట్టి ఒక కాగితం తీసుకుని మీ ఫిర్యాదులన్నీ రాయండి. ఒక్కో ఫిర్యాదు పక్కన "బడి మారితే తీరుతుందా?" అని రాసుకోండి. బస్సు ప్రయాణం, ఫీజులు, ర్యాంకుల గోల, ఓ టీచరు నోటి దురుసు, ఇవన్నీ బడి మారితే తీరే బాధలు. "మా పిల్ల తనకు నచ్చిన పని మీద మూడు గంటలు కదలకుండా కూర్చుంటుంది, గంట కొట్టగానే లేవమంటే విలవిల్లాడిపోతుంది" లాంటిది ఏ బడికి మారినా తీరదు. మీ కాగితం నిండా మొదటి రకమే ఉంటే మీకు కావాల్సింది వేరే బడి.

పగలు తొమ్మిది నుంచి నాలుగు దాకా

హోమ్‌స్కూలింగ్ గురించి మాట్లాడుకునేటప్పుడు అందరూ సిలబస్ దగ్గర మొదలుపెడతారు. సిలబస్ దానిలో తేలిక భాగం. నాలుగో తరగతి లెక్కలు, సైన్సు, ఇంగ్లిష్, తెలుగు కలిపి ఎదురెదురుగా కూర్చుని చెబితే రోజుకి రెండు గంటలు, మహా అయితే రెండున్నర. బడిలో ఆరేడు గంటలు పట్టేది నలభై మందిని కూర్చోబెట్టాలి కాబట్టి. పుస్తకాల కొరతా లేదు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు, రెండు రాష్ట్రాల ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో అదే పాఠం ఇంగ్లిష్‌లో ఉండే మన ప్రభుత్వ పుస్తకాలు ఇంట్లో చదువు చెప్పేవాళ్లకి వరం. ఇంగ్లిష్ మీడియం పిల్లాడు కూడా అర్థం కాని వాక్యం దగ్గర పక్క పేజీలోకి తొంగిచూస్తాడు. ఇంటికొచ్చిన బంధువులు ఆ పుస్తకాలు చూసి మొహం చిట్లిస్తారు, అది వేరే సంగతి.

కష్టమంతా ఆ రెండున్నర గంటల తర్వాత మొదలవుతుంది. పన్నెండు కాకముందే పాఠాలైపోతాయి. సాయంత్రం నాలుగున్నర దాకా వాడు ఏం చేయాలి? వాడితో ఎవరుండాలి?

నేను ఇంటి నుంచి రెండు మూడు చిన్న కంపెనీలకు ట్యాలీ ఎంట్రీలు, జీఎస్టీ రిటర్నులు చూస్తాను. "ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా" అన్నారు అందరూ, నేనూ అనుకున్నాను. నెలలో 11వ తేదీకి ఒక రిటర్ను, 20వ తేదీకి ఇంకోటి. ఆ రెండు తేదీల ముందు మూడేసి రోజులు మా ఇంట్లో చదువు లేదు. భాగహారం చేస్తూ మధ్యలో "అమ్మా, శేషం ఏడొచ్చింది, కరెక్టేనా?" అని వాడు అడిగేవాడు. నేను క్లయింటుతో ఫోన్లో ఉండి చేత్తో ఆగమనేదాన్ని. ఐదు నిమిషాలకి మళ్లీ వచ్చేవాడు. నాలుగోసారికి నేను అరిచేదాన్ని. వాడు పుస్తకం మూసి టాబ్ తీసుకునేవాడు. నేను ఊరుకునేదాన్ని, ఎందుకంటే టాబ్ వాడిని ఓ గంట కదలనివ్వదు. మొదటి ఏడాది ఆగస్టులో ఒక వారం లెక్కగట్టి చూస్తే, వాడు పుస్తకంతో గడిపిన సమయం కన్నా టాబ్‌తో గడిపిందే ఎక్కువ. వారానికో పరీక్ష తప్పించడానికి బడి మానిపించి, నేను చేస్తున్నది ఇదా అనిపించింది.

బాగుపడింది ఎప్పుడంటే, అత్తయ్యా మామయ్యా తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నప్పుడు. మామయ్య రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్. పాఠాలు చెప్పలేదు. ఉదయం పేపర్ తీసి ఒక వార్త పైకి చదవమనేవారు, తప్పు చదివితే మళ్లీ చదవమనేవారు, అంతే. మూడు నెలల్లో వాడి తెలుగు చదువు ఎంత మారిందంటే, ఇప్పుడు బడిలో తెలుగు టీచర్ వాడి చేతే పాఠం పైకి చదివిస్తుంది.  ఇంటి చదువు వల్ల మాకు నిఖార్సుగా మిగిలిన లాభం ఏదని అడిగితే ఇదొక్కటి ఠక్కున చెప్పగలను.

అందుకే ఎవరైనా సలహా అడిగితే నేను మొదట అడిగేది ఇదే: పగలు తొమ్మిది నుంచి నాలుగు దాకా ఇంట్లో, వేరే పని పెట్టుకోకుండా, పిల్లలతో ఉండగలిగిన పెద్దమనిషి ఎవరు? పేరు చెప్పండి. "ఇద్దరం చూసుకుంటాం" అంటే ఎవరూ లేనట్టే. వర్క్ ఫ్రమ్ హోమ్ ఉద్యోగం అంటే ఉద్యోగమే, ఇల్లు కాదు. పేరు చెప్పలేకపోతే మిగతా పోలికలన్నీ అనవసరం, బడే మంచిది.

పేరు చెప్పగలిగినా, ఆ మనిషి వదులుకునేది ఎంతో కూడా చెప్పుకోండి. 2024లో ప్రపంచ చెస్ ఛాంపియన్ అయిన గుకేశ్ నాలుగో తరగతి తర్వాత మామూలుగా బడికి వెళ్లడం మానేశాడని మన తెలుగు ఇళ్లలో గొప్పగా చెప్పుకుంటాం, చెన్నైలో పెరిగినా మన తెలుగు కుర్రాడే కదా అని. ఆ కథలో రెండో సగం ఎవరూ చెప్పరు. వాళ్ల నాన్న ఈఎన్‌టీ సర్జన్. కొడుకుతో టోర్నమెంట్లకు తిరగడానికి ప్రాక్టీసు పక్కన పెట్టారు. ఇల్లు గడిచింది మైక్రోబయాలజిస్టు అయిన తల్లి జీతం మీద. అంటే ఒక డాక్టరు సంపాదనంత ఫీజు కట్టినట్టే. మీ ఇంట్లో ఆ ఫీజు ఎవరు, ఎన్నాళ్లు కడతారు?

చట్టం సంగతి క్లుప్తంగా

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని పదో సెక్షన్ చెబుతుంది. చేర్పించకపోతే తల్లిదండ్రులకు ఫలానా శిక్ష అని అందులో ఎక్కడా లేదు. హోమ్‌స్కూలింగ్ అనే మాటా లేదు. 2012లో చేసిన సవరణలో మాత్రం, తీవ్ర వైకల్యం లేదా ఒకటికి మించిన వైకల్యాలు ఉన్న పిల్లలు ఇంటి దగ్గరే చదువుకునే హక్కు కోరవచ్చని స్పష్టంగా రాశారు. మిగతా పిల్లల విషయంలో చట్టం ఒప్పుకున్నట్టూ లేదు, పట్టుకున్నట్టూ లేదు. ఆ మధ్య జాగాలోనే దేశమంతా హోమ్‌స్కూలింగ్ నడుస్తోంది.

ఒక్క జాగ్రత్త. నలుగురు తల్లులు వంతులవారీగా తమ పిల్లల్ని కూర్చోబెట్టుకోవడం ఒక ఎత్తు. ఫ్లాటు అద్దెకు తీసుకుని, టీచర్లను పెట్టి, ఫీజులు వసూలు చేసి నడపడం ఇంకో ఎత్తు. గుర్తింపు లేకుండా బడి నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా అని అదే చట్టంలో ఉంది. మీ పిల్లల్ని అలాంటి "లెర్నింగ్ సెంటర్"లో వేసే ముందు, అక్కడ చదివినట్టు సర్టిఫికెట్ ఎవరిస్తారని ఒక్క ప్రశ్న అడగండి. సూటిగా జవాబు రాకపోతే మీకు జవాబు వచ్చేసినట్టే.

తిరిగొచ్చే దారి ఏ తరగతి దగ్గర ఇరుకవుతుంది?

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. సర్టిఫికెట్ల టెన్షన్ పడాల్సిన చోట పడక, పడక్కర్లేని చోట పడతారు మనవాళ్లు.

ఒకటి నుంచి ఐదు దాకా దారి బాగా వెడల్పు. వయసుకి తగ్గ తరగతిలో పిల్లల్ని చేర్చుకోవాలని విద్యాహక్కు చట్టమే అంటుంది. టీసీ ఆలస్యమైందన్న వంకతో చేర్చుకోకుండా ఉండకూడదనీ అంటుంది. ప్రభుత్వ బడిలో ఇది నిజంగానే జరుగుతుంది. ప్రైవేటు బడుల్లో మాత్రం ఆఫీసు గదిలో చిన్న యుద్ధం ఉంటుంది. మా వాడిని ఆరులో వేయడానికి వెళ్లినప్పుడు క్లర్కు అడిగిన మొదటి మాట "ఐదో తరగతి ప్రోగ్రెస్ కార్డేదమ్మా?" లేదన్నాను. రెండో మాట "పెన్ నంబరు?"

ఈ పెన్ నంబరు గురించి మాకు ఎవరూ చెప్పలేదు. బడిలో చదివే ప్రతి పిల్లకీ కేంద్ర విద్యాశాఖ యూడైస్ ప్లస్ పోర్టల్‌లో ఒక శాశ్వత నంబరు ఉంటుంది. బడి మానిపించినప్పుడు పాత బడివాళ్లు ఆ పేరును తమ జాబితా నుంచి తీసి, పోర్టల్‌లోని డ్రాప్‌బాక్స్‌లో పడేయాలి. కొత్త బడివాళ్లు అక్కణ్నించి తీసుకుంటారు. మా పాత బడి ఆ పని చేయలేదు. కాగితాల మీద మా వాడు రెండేళ్లుగా అక్కడే చదువుతున్నాడు! దానికోసం నాలుగుసార్లు తిరిగాను. మానిపించిన రోజే టీసీ, బోనఫైడ్, చివరి తరగతి ప్రోగ్రెస్ కార్డు, పెన్ నంబరు తీసుకోండి. డ్రాప్‌బాక్స్‌లో పెట్టారో లేదో నెల తర్వాత అడిగి కనుక్కోండి. ఇంట్లో చదివిన ఏడాది నోటు పుస్తకాలు అమ్మేయకండి. మేం ప్రిన్సిపల్ ముందు పెట్టింది అవే. ఆవిడ అరగంట తిరగేసి, వాడి చేత రెండు లెక్కలు చేయించి, సరేనంది.

ఆరు నుంచి ఎనిమిది దాకా కూడా ఫర్వాలేదు. తొమ్మిది దగ్గర దారి ఒక్కసారిగా ఇరుకవుతుంది. సీబీఎస్‌ఈలో పదో తరగతి పరీక్షకి పిల్లల పేర్లు తొమ్మిదిలోనే నమోదవుతాయి. తొమ్మిది చదవకుండా నేరుగా పదిలో చేరడం మామూలుగా కుదరదు. కాబట్టి ఎనిమిది అయ్యేలోపు ఒక నిర్ణయానికి రావాలి: తొమ్మిదిలో బడిలో చేర్పించడమా, లేక రోజూ బడికి వెళ్లకుండా ఇంట్లో చదివి పరీక్ష రాసే ఓపెన్ స్కూల్ దారా?

ఓపెన్ స్కూల్ అంటే మనవాళ్లకి ఫెయిలైనవాళ్లు, చదువు మధ్యలో ఆపేసినవాళ్లు రాసేదన్న చిన్నచూపు. కానీ దేశమంతటికీ ఉన్న ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్, 1989లో నేషనల్ ఓపెన్ స్కూల్‌గా మొదలైన కేంద్ర ప్రభుత్వ సంస్థ. పదో తరగతికి 14 ఏళ్లు, పన్నెండుకి 15 ఏళ్లు నిండి ఉండాలి. పదికి ముందు ఏ తరగతి సర్టిఫికెట్టూ అడగరు, ఈ కోర్సుకి సరిపడా చదువుకున్నానని సొంత ధ్రువీకరణ చాలు. ఐదు సబ్జెక్టులు, అందులో కనీసం ఒకటి భాష. నమోదు ఐదేళ్లు చెల్లుతుంది, ఆలోపు తొమ్మిది అవకాశాలు. ఒక విడత రెండు సబ్జెక్టులు, ఇంకో విడత మూడు రాసుకోవచ్చు. తెలుగును సబ్జెక్టుగా తీసుకోవచ్చు. ఏప్రిల్, అక్టోబరు ప్రాంతాల్లో ఏడాదికి రెండుసార్లు పరీక్షలు. అసైన్‌మెంట్లకు 20 శాతం మార్కులు. సైన్సు తీసుకుంటే ప్రాక్టికల్స్ మాత్రం స్టడీ సెంటర్లోనే చేయాలి. ఆ సెంటరు ఎలాంటిదో ముందే వెళ్లి చూసుకోండి, కొన్నిచోట్ల ల్యాబ్ అంటే తాళం వేసిన గది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లకు సొంత ఓపెన్ స్కూళ్లూ ఉన్నాయి. వాటిలోనూ పదికి 14 ఏళ్లే. పిల్లలు వేరే రాష్ట్రానికి పోయే అవకాశం ఉంటే నా ఓటు ఎన్‌ఐఓఎస్‌కి.

తర్వాతి చదువులకు పనికొస్తుందా అంటే, జేఈఈ మెయిన్‌కి ఐదు సబ్జెక్టులతో ఎన్‌ఐఓఎస్ పన్నెండు పాసైతే చాలు. నీట్ విషయంలో చాలాకాలం ఓపెన్ స్కూల్ వాళ్లని పక్కన పెట్టారు. ఆ నిబంధనను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది, 2024లో సుప్రీంకోర్టులో వాళ్ల అర్హత ఖాయమైంది.

మనవాళ్లు మరచిపోయేది, సీట్ల దగ్గర ఏ రాష్ట్రం పిల్లలుగా లెక్కలోకి వస్తారనే లోకల్, నాన్‌లోకల్ గొడవ. ఎంసెట్ అని మనం ఇప్పటికీ పిలుచుకునే ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు పట్టుకెళ్లాలి. బడికి వెళ్లకుండా ప్రైవేటుగా చదివినవాళ్లు వాటి బదులు నివాస ధ్రువపత్రం పెట్టాలి. తెలంగాణ మెడికల్ సీట్లకైతే ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు వరుసగా ఇక్కడే చదివి ఉండాలని 2024లో నిబంధన తెచ్చారు, 2025లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. మేమొకప్పుడు "ఎలాగూ ఇంట్లో చదువే కదా, తెనాలి వెళ్లిపోదాం, అద్దె కలిసొస్తుంది" అనుకున్నాం. మా వాడు మూడో తరగతిలో ఉన్నాడు కాబట్టి సరిపోయింది. ఎనిమిదో తరగతి పిల్లతో ఆ మాట అనుకునేవాళ్లు, ఏ రాష్ట్రంలో లోకల్ కావాలో తేల్చుకోకుండా సామాను సర్దకండి. మీ పిల్ల డాక్టరు చదువు అంటోందంటే, నామటుకు నేను తొమ్మిది నుంచి బడికే ఓటేస్తాను. కాగితాల గొడవతో నాలుగేళ్ల కష్టం పోగొట్టుకోవడం ఎందుకు?

సర్టిఫికెట్టే వద్దనుకునేవాళ్లూ ఉంటారు. 2016లో ముంబయి అమ్మాయి ఒకామె ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్ పతకాలతో అమెరికాలో ఎంఐటీలో సీటు తెచ్చుకుంది. పన్నెండో తరగతి పాసవలేదు కాబట్టి మన ఐఐటీల్లో మాత్రం ఆమెకు చోటు లేదు. మన హైదరాబాద్‌లో టేబుల్ టెన్నిస్ ఆడే నైనా జైస్వాల్ ఎనిమిదేళ్లకే ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జి బోర్డు పద్ధతిలో పదో తరగతి పూర్తిచేసింది. ఇలాంటి వార్తలు కత్తిరించి దాచుకోండి, మురిసిపోండి. మీ ఇంటి నిర్ణయం మాత్రం వాటిని చూసి తీసుకోకండి.

గేటు దగ్గర బ్యాటు

"పిల్లాడు నలుగురిలో కలవడేమో" అని అందరూ అంటారు. నాకు ఆ మాట మీద చిరాకుండేది. బడిలో మాత్రం ఏం కలుస్తారు, మాట్లాడితే పేర్లు బోర్డు మీద రాస్తారు కదా అని ఎదురు వాదించేదాన్ని. పెద్దవాళ్లతో మాట్లాడటంలో మా వాడు నిజంగానే రాటుదేలాడు. కిరాణా కొట్టు, బ్యాంకు, మామయ్య వాకింగ్ మిత్రులు, ఎవరితోనైనా మాట్లాడతాడు.

కానీ మొదటి జూన్‌లో వేసవి సెలవులైపోయి బళ్లు తెరిచిన రోజు మరచిపోలేను. అంతకు ముందు రోజు దాకా వీధి నిండా పిల్లలు. ఆ రోజు ఎనిమిదయ్యేసరికి వీధి ఖాళీ. మా వాడు తొందరగా పాఠాలు ముగించుకుని, పదకొండింటికి బ్యాటు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. వాచ్‌మన్ కొడుకు కూడా ప్రభుత్వ బడికి వెళ్లాడు. ఓ పావుగంట బంతిని గోడకు కొట్టి లోపలికొచ్చాడు. సాయంత్రం ఐదుకి పిల్లలొచ్చారు గానీ సగం మంది ఐదున్నరకి ట్యూషన్. అంటే రోజంతా వాడు ఎదురుచూసింది ఆ అరగంట కోసం.

తొమ్మిదేళ్లప్పుడు వాడు ఏమీ అనలేదు. పదకొండు దగ్గరపడ్డాక తనే "నేను బడికి వెళ్తా" అన్నాడు. నాకు తెలిసిన ఇళ్లలోనూ ఈ మాట పది, పన్నెండేళ్ల మధ్యే వచ్చింది. ఒక్కగానొక్క పిల్లో పిల్లాడో ఉంటే ఇంకా ముందే వస్తుంది. ఇద్దరు పిల్లలు ఇంట్లోనే ఉంటే, ఈత కోచింగ్, సంగీతం క్లాసు లాంటివి వారానికి నాలుగు రోజులుంటే, దగ్గర్లో ఇంకో రెండు హోమ్‌స్కూల్ కుటుంబాలుంటే చాలావరకు సర్దుకుపోతుంది. ఇది హైదరాబాద్‌లో వెతికితే దొరుకుతుంది. చిన్న ఊళ్లలో మీరే మొదటివాళ్లు కావచ్చు. రోజూ ఎవరో ఒకరు "బడికెళ్లలేదా బాబూ, ఒంట్లో బాలేదా?" అని అడుగుతారు, దానికీ సిద్ధపడాలి.

మధ్య దారులు

బడి, ఇల్లు కాక మధ్యలో మూడు నాలుగు దారులున్నాయి. అన్నీ ఒకేలాంటివి కావు.

పేరు బడిలో, పిల్లాడు ఇంట్లోనో కోచింగ్‌లోనో. దీన్ని డమ్మీ అడ్మిషన్ అంటారు, మన రెండు రాష్ట్రాల్లోనూ గుట్టు కాదు. తేలిగ్గా కనిపిస్తుంది, సర్టిఫికెట్ గొడవ ఉండదనిపిస్తుంది. సీబీఎస్‌ఈ 75 శాతం హాజరు అడుగుతుంది. 2024 నవంబరులో ఢిల్లీ, రాజస్థాన్‌లలో ఇలాంటి 21 బడుల గుర్తింపు రద్దు చేసింది. బడి గుర్తింపు పోతే నడిరోడ్డు మీద పడేది పిల్లలు. అబద్ధపు హాజరుతో చదువు మొదలుపెట్టించడం నాకైతే నచ్చదు. ఓపెన్ స్కూల్ ఉండగా ఈ దొంగదారి అవసరమే లేదు.

ఆన్‌లైన్ స్కూల్. ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా తెర ముందు. బడి బరువూ తగ్గదు, ఇంటి వెసులుబాటూ రాదు. ఊరు మారుతూ తిరిగే ఉద్యోగాలున్న కుటుంబాలకి తప్ప నేను సిఫారసు చేయను. కేంబ్రిడ్జి పరీక్షలు ప్రైవేటుగా రాయించే దారి కూడా ఉంది, చదువు నాణ్యంగా ఉంటుంది, కానీ ఒక్కో సబ్జెక్టు పరీక్ష ఫీజే వేలల్లో ఉంటుంది. ఎన్‌ఐఓఎస్‌లో మొత్తం పదో తరగతి ఖర్చుతో ఇక్కడ ఒక్క సబ్జెక్టు రాయడం కూడా కష్టం.

ఒత్తిడి తక్కువున్న మామూలు బడి, సాయంత్రం ఇంటి చదువు. దీనికి పేరు లేదు, గొప్పగా చెప్పుకోవడానికీ ఏమీ ఉండదు. మా పాప విషయంలో చేసింది ఇదే. నడిచి వెళ్లే బడి, మూడింటికల్లా ఇంటికి, ట్యూషన్ లేదు, సాయంత్రం నలభై నిమిషాలు నాతో, రాత్రి మామయ్య దగ్గర పేపర్ చదువు. ఇంటి చదువులో మాకు దక్కిన మంచిలో ముప్పావు వంతు ఈ పద్ధతిలోనూ దక్కింది, నా ఉద్యోగం పోకుండా. ఇద్దరూ సంపాదించాల్సిన ఇంటికి ఇంతకంటే మంచి దారి నాకు కనిపించలేదు.

ఇల్లే మేలు అనిపించే సందర్భాలు

కొందరు పిల్లల విషయంలో మాత్రం నేను వెనకాడకుండా ఇంటికే ఓటేస్తాను. డిస్లెక్సియా, ఆటిజం లాంటివి ఉండి, బడి వాళ్ల వేగానికి ఆగనప్పుడు. కానీ ముందు నిపుణులతో అసెస్‌మెంట్ చేయించండి. కారణం తెలియకుండా ఇంట్లో కూర్చోబెడితే ఇబ్బంది ఇంట్లోనూ అదే ఉంటుంది, చూసే టీచరు కూడా ఉండదు. రోజుకి ఐదారు గంటలు ఏదైనా ఆటనో సంగీతాన్నో సాధన చేసే పిల్లలు. బడిలో ఏడిపింపులకు బాగా దెబ్బతిని, ఓ ఏడాది ఊపిరి తీసుకోవాల్సిన పిల్లలు. చివరి రకం వాళ్లకి ఏడాది అని గడువు ముందే పెట్టండి.

అమెరికాలో ఉన్న మన వాళ్లు అడిగే ప్రశ్న వేరు. అక్కడ యాభై రాష్ట్రాల్లోనూ హోమ్‌స్కూలింగ్ చట్టబద్ధమే, పద్ధతులే వేరు. టెక్సాస్‌లో ఎవరికీ చెప్పక్కర్లేదు, న్యూయార్క్‌లో ఏడాది ప్రణాళిక ఇచ్చి మూడు నెలలకోసారి నివేదిక పంపాలి. డల్లాస్‌లో మా పిన్ని కూతురు ఇద్దరు పిల్లలకి ఇంట్లోనే చెబుతోంది. భర్త ఉద్యోగం వల్ల వచ్చే హెచ్‌4 వీసా మీద ఉంది, ఉద్యోగం లేదు, అందుకే మొదలైంది. రెండేళ్లలో తిరిగొచ్చేద్దామనుకునేవాళ్లు తెలుగు రాయడం ఇప్పుడే మొదలుపెట్టించండి. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం ఏ బోర్డు బడిలోనైనా తెలుగు ఉంటుంది, ఏడో తరగతిలో దిగే పిల్లాడికి గుణింతాలు దిద్దించడం కష్టం.

పరీక్షించి చూడాలంటే

చాలామంది వేసవి సెలవుల్లో ప్రయోగం చేసి చూస్తారు. మేమూ అదే చేశాం. మే నెలలో అంతా అద్భుతంగా అనిపించింది. అనిపించదూ మరి? వీధంతా పిల్లలే, నాకు పని తక్కువ, మామిడిపండ్లు, తెనాలి ప్రయాణం. ఆ నెల చూసి టీసీ తీసుకున్నాం.

చూడాల్సింది జులైలో. బడిలో ఉన్నది ఉన్నట్టే ఉంచి, మూడు వారాలు సెలవు అడగండి. 11, 20 తేదీలలాంటి మీ సొంత గండం రోజులు ఆ మూడు వారాల్లో పడేలా చూసుకోండి. వాన పడుతూ, వీధి ఖాళీగా ఉండి, మీకు ఆఫీసు పని నెత్తిన ఉన్న ఒక మంగళవారం మధ్యాహ్నం రెండింటికి పిల్లాడు ఏం చేస్తున్నాడో, మీరు వాడితో ఏ గొంతుతో మాట్లాడుతున్నారో ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. మూడు వారాలయ్యాక ఆ పుస్తకం మీ ఇంటాయనకో ఆవిడకో ఇచ్చి చదవమనండి. టీసీ అడగాలా వద్దా అన్నది ఆ తర్వాత మాట్లాడుకోండి.